సమస్యాపూరణం: "అడుగనట్టివాడె యమ్ముకొనును"

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం. ముందు మూడు పాదాలు మీరు రాసి పద్యం పూర్తి చేయాలి, అదే పూరణ.

అడుగనట్టివాడె యమ్ముకొనును

పెళ్లిళ్లు, దావత్‌లు, దసరా అలాయ్ బలాయ్... వ్యాపారం చేసుకునేవాళ్లకు నలుగురు పరిచయమయ్యేది అక్కడే, వాళ్లను చూసి నలుగురు తప్పుకునేది కూడా అక్కడే. అడగకుండా సరుకు ఎట్లా అమ్ముడుపోతుందో పద్యంలో కనబడాలి. ఊరికే "నిజమే" అని వదిలేస్తే పూరణ కాదు.

కొత్తవాడ దరీల అన్న:

పెండ్లి యింటిలోన పేరంటమందున
సరుకు మాట విడిచి చెలిమి పంచి
ఊరివారి కష్ట మోపికగా విని
అడుగనట్టివాడె యమ్ముకొనును

2018లో మన వరంగల్ దరీలకు (నేలమీద పరిచే నేత పరుపులకు) జీఐ గుర్తింపు, అంటే ఈ ఊరి సరుకని భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, దాని గురించి ఎవరన్నా అడిగితే ఎంతసేపైనా చెప్తాను. నేనే మొదలుపెడితే మాత్రం ఎదుటి మనిషి కళ్లు పక్కకు పోతాయి, అది నాకు తెలిసిపోతుంది.

హనుమకొండ తెలుగు సార్: ఎత్తుగడ బాగుంది అన్నా, కానీ రెండో పాదంలో యతి తప్పింది, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు కుదరలేదు. స, చె అంటే హల్లులు కలిశాయి, అచ్చులు కలవలేదు. అకారానికి ఎకారంతో మైత్రి లేదు. "సరుకు మాట విడిచి చనువు పెంచి" అనండి, సరిపోతుంది. మూడో పాదమే ఈ పద్యానికి ప్రాణం, దాన్ని ముట్టుకోకండి. ఎదుటివాడి కష్టం విన్నవాడిని ఆ మనిషి మర్చిపోడు, తర్వాత దరీ కావలసి వచ్చినప్పుడు ముందు గుర్తొచ్చేది ఆ విన్నవాడే.

కాజీపేట తమ్ముడు: సార్, నాది మొదటి పాదం దగ్గరే ఆగిపోయింది. "విందుకొచ్చి అందరికీ కార్డులిచ్చి" అని రాశాను, గణాలు (గురువు, లఘువుల కూర్పులు) పడట్లేదు.

హనుమకొండ తెలుగు సార్: ఆటవెలది మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు రావాలి. "విందు", "కొచ్చి", "అంద" దాకా మూడు సూర్యగణాలు వచ్చాయి. ఆ తర్వాత "రికీకా" అని లఘువు (పొట్టి అక్షరం) మీద రెండు గురువులు (పొడుగు అక్షరాలు) పడ్డాయి, అది ఇంద్రగణం కాదు. పైగా వి, రి యతి కుదరదు. "విందు కొచ్చి కార్డు విసురుచు తిరిగిన" అని మార్చి ముందుకు పో. "కొచ్చి" వాడుక మాటే, ఈ పద్యానికి పనికొస్తుంది.

కాజీపేట తమ్ముడు:

విందు కొచ్చి కార్డు విసురుచు తిరిగిన
వాని జూచి జనము పక్క దొలగు
పలుకు తగ్గజేసి పదుగురి వినునట్టి
అడుగనట్టివాడె యమ్ముకొనును

నిర్వాహకుడు: శభాష్ తమ్ముడూ! వ, ప యతి చక్కగా పడింది. ఒక్కటి చెప్తాను. ఒక చేత్తో బగారన్నం ప్లేటు, ఇంకో చేత్తో నీళ్ల గ్లాసు పట్టుకున్న మనిషికి కార్డు చాపితే ఆయన దాన్ని ఎక్కడ పెట్టుకుంటాడు? ప్లేటు అంచున పెట్టుకుంటాడు, కూర అంటుతుంది, చెయ్యి కడిగేటప్పుడు ప్లేటుతో పాటే పోతుంది. "విసురుచు" అన్న మాటలో అదంతా ఉంది. "వినునట్టి", "అడుగనట్టి" పక్కపక్కన రావడం మాత్రం చెవికి కొంచెం బరువు.

జనగామ అక్క: అందరూ ఒకే దారిన పోతున్నారు. నేను ఒప్పుకోను.

సిగ్గు పడుచు మూల చేతులు కట్టుక
నిలిచి, పోయి యింట నిదుర మాని
అప్పు తీర్చలేక యంగడి నింటిని
అడుగనట్టివాడె యమ్ముకొనును

నోరు తెరవనివాడికి గిరాకీ వస్తుందని పిల్లలకు నేర్పకండి. ముఖ్యంగా కొత్తగా షాపు పెట్టుకున్న ఆడపిల్లలకు. వాళ్లకు ఇప్పటికే "పెళ్లిలో వ్యాపారం మాటలేంది" అని పది మంది చెప్తుంటారు.

హనుమకొండ తెలుగు సార్: అక్కా, ఈ వారం పూరణల్లో ఇదే గట్టిది. అమ్ముకోవడం అంటే గిరాకీ అని మేమంతా అనుకుంటుంటే మీరు ఆస్తి పోగొట్టుకోవడం దగ్గరికి తీసుకుపోయారు. సి, చే యతి, అ, యం యతి, అన్నీ సరే.

పరకాల మిర్చి వ్యాపారి: అక్క మాటకు నా జవాబు.

జమ్మి చేతికిచ్చి చల్లగా పలుకుచు
పిల్ల చదువు నడిగి పెద్ద కెరగి
కార్డు జేబులోనె కదలక యుండగా
అడుగనట్టివాడె యమ్ముకొనును

జనగామ అక్క: పిల్ల చదువు అడిగారు, బాగుంది అన్నా. కానీ కార్డు జేబులోనే ఉంటే మీరు మిర్చి అమ్ముతారని ఆయనకు ఎట్లా తెలుస్తుంది?

పరకాల మిర్చి వ్యాపారి: ఒక దావత్‌లో ఒకాయన కూర చూసి "ఇంత ఎర్రగా ఉంది, కారం లేదేంది" అని తనే అడిగాడు. "ఇది చపాట మిర్చి, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ, టమాటా మిర్చి అని కూడా అంటారు, నేను అమ్మేది ఇదే" అని చెప్పి మళ్లీ ఆయన కొడుకు ఉద్యోగం ముచ్చటలోకి పోయాను. వెళ్లేటప్పుడు నంబరు ఆయనే అడిగి తీసుకున్నాడు.

హనుమకొండ తెలుగు సార్: అదే పద్యంలో పెట్టాలి మరి! మూడో పాదం ఇట్లా మార్చండి:

వచ్చి వారె యడుగ వలసినంతయె చెప్పి

నగణం (మూడు లఘువులు) మీద గురువు, ఆ తర్వాత సలం (రెండు లఘువులు, గురువు, లఘువు), రెండూ ఇంద్రగణాలే. వ, వ యతి. ఇప్పుడు అక్క అడిగినదానికి జవాబు పద్యంలోనే ఉంది. మూలన చేతులు కట్టుకున్నవాడు వేరు, అడిగినప్పుడు అవసరమైనంత చెప్పి ఆగినవాడు వేరు.

జనగామ అక్క: ఇది ఒప్పుకుంటాను. కానీ మరునాడు ఫోన్ చేస్తే అది అడగడం కాదా?

నిర్వాహకుడు: ఏం చెప్పడానికి చేశామన్నదాన్ని బట్టి ఉంటుంది అక్కా. ముందురోజు మాటల్లో ఆయన ఇంటి పనికి మంచి మేస్త్రీ దొరకట్లేదని అన్నాడనుకోండి, మేస్త్రీ నంబరు పంపడానికి ఫోన్ చేస్తే అది ఇవ్వడం. "సార్ ఆర్డర్ సంగతి ఏమైంది" అంటే అది అడగడం. ఈ తేడా మీదే ఎవరన్నా ఇంకో పూరణ రాయండి, ఆదివారం దాకా టైం ఉంది. దరీల అన్నా, సవరించిన రెండో పాదంతో మీ పద్యం మళ్లీ పెట్టండి.