టెన్నిస్ ఎల్బోకి అల్ట్రాసౌండ్ అంటున్నారు, అది స్కానింగా, వైద్యమా?

మాధవమాల అబ్బాయి:
మా నాయన కొయ్య బొమ్మలు చెక్కుతాడు, ముప్పై ఏళ్లుగా అదే పని. ఎనిమిది నెలలుగా కుడి మోచేతి బయటివైపు ఎముక దగ్గర ఒకటే నొప్పి, టెన్నిస్ ఎల్బో అన్నారు. పొద్దున కాఫీ గ్లాసు ఎత్తబోయి మళ్లీ కింద పెట్టేస్తాడు, సుత్తి పట్టుకున్న ఐదు నిమిషాలకే మోచెయ్యి నొక్కుకుంటూ కూర్చుంటాడు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తే నెలన్నర బ్రహ్మాండంగా ఉంది, తర్వాత ముందుకంటే ఎక్కువైంది. ఇంకోచోట పది రోజులు జెల్ పూసి అల్ట్రాసౌండ్ పెట్టారు, అప్పటికి హాయి, అంతే. ఇప్పుడేమో మా బంధువొకాయన అల్ట్రాసౌండ్ సూదితో పాడైన భాగాన్ని తీసేస్తారు అంటున్నాడు. స్కానింగ్ మిషన్‌తో ఎట్లా తీస్తారు? రెండో ఇంజెక్షన్ వేయించమంటారా?

ఫిజియో, తిరుపతి:
తమ్ముడూ, పేరు ఒకటే గానీ ఇవి మూడు వేరు వేరు. స్కానింగ్ చిన్న చిన్న శబ్ద తరంగాలు పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో బొమ్మ గీస్తుంది. మా దగ్గర పెట్టేది 1 లేదా 3 మెగాహెర్ట్జ్‌ది, లోపల కొంచెం వేడి పుట్టిస్తుంది. నేను రోజూ పెడతాను, అయినా చెప్తున్నా, దానివల్ల టెండాన్, అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడులాంటిది, మానుతుందనడానికి గట్టి ఆధారం లేదు. మూడోది మీ బంధువు చెప్పిన సూది. తిమ్మిరి మందు ఇచ్చి, స్కాన్‌లో చూస్తూ సూదిని పాడైన చోటికి పంపుతారు. దాని కొన సెకనుకు వేలసార్లు అదురుతూ మెత్తబడిన భాగాన్ని పొడి చేస్తుంది, సెలైన్‌తో కడిగి బయటికి లాగేస్తుంది. కంటిశుక్లానికి చేసే ఫేకో తెలుసు కదా, 1967లో కెల్మన్ అనే డాక్టర్ మొదలుపెట్టింది, దాని పద్ధతే ఇది. కానీ ఇది ఆఖరి మెట్టు, నెలల తరబడి వ్యాయామం చేసినా తగ్గని వాళ్లకి. ఇంజెక్షన్ మాత్రం నేనైతే వద్దంటాను. ఆరు వారాలకు బాగుంటుంది, ఏడాదికి చూస్తే వేయించుకోని వాళ్లే మెరుగ్గా ఉన్నారని పరిశోధనల్లో తేలింది. నాయనకున్నది వాపు కంటే అరుగుదల, అందుకే ఇంజెక్షన్ గుణం నిలవదు.

స్కానింగ్ టెక్నీషియన్, చిత్తూరు:
ముందు స్కాన్ తీయించండి. లింగ నిర్ధారణ చేయబడదు అన్న బోర్డు చూసి స్కానింగ్ అంటే గర్భిణులకే అనుకుంటారు చాలామంది, కీళ్లకీ టెండాన్లకీ తీస్తాం. ఆరోగ్యంగా ఉన్న టెండాన్ దువ్విన జుట్టులా తెల్లని గీతలు గీతలుగా కనబడుతుంది. పాడైతే లావెక్కి, మధ్యలో గీతలు చెదిరి నల్లగా ఉంటుంది, రక్తం పారడాన్ని రంగుల్లో చూపే డాప్లర్ పెడితే అక్కడ కొత్త రక్తనాళాలు ఎర్రగా మెరుస్తాయి. ఒక్క చిక్కుంది, చర్మం మీద ఆనించే ప్రోబ్‌ని కొంచెం వంకరగా పట్టినా మంచి టెండాన్ కూడా నల్లగానే కనబడుతుంది. అందుకని కీళ్ల స్కాన్లు రోజూ చూసే డాక్టర్ దగ్గరికే వెళ్లి, రెండు మోచేతులూ పోల్చి చూడమని అడగండి. చీలిక ఉందా లేదా అన్నది రిపోర్టులో రాయించుకోండి.

దోసెల మాస్టర్:
నాకూ ఇదే, అట్లకాడ తిప్పలేక రెండు నెలలు పొయ్యి దగ్గరికి పోలేదు. ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచెయ్యి కిందికి పెట్టి, అర లీటరు నీళ్ల సీసా పట్టుకుని, ఎడమ చేత్తో మణికట్టు పైకి లేపి, కుడి చేత్తో మెల్లగా, చాలా మెల్లగా దించడం. రోజూ చేశాను. మొదటి నెల ఏం తేడా తెలియక విసుగొచ్చింది, నాలుగో నెలకి పిండి గిన్నె ఎత్తగలిగాను.

మాధవమాల అబ్బాయి:
స్కాన్ అయింది. ఎడమ చేతిలో గీతలు చక్కగా ఉన్నాయి, కుడి చేతిలో నల్ల మచ్చ నాకే కనబడింది. చీలిక లేదన్నారు. ఇంజెక్షన్ వద్దన్నాం, మాస్టర్ చెప్పిన నీళ్ల సీసా వ్యాయామం మొదలుపెట్టాడు. ఆర్డర్లున్నాయి, పని పూర్తిగా మానమంటే వినడు, ఏం చెయ్యమంటారు అక్కా?

ఫిజియో, తిరుపతి:
మానొద్దు, తగ్గించమనండి. పెద్ద చెక్కుడు పని కొన్నాళ్లు వేరేవాళ్లకిచ్చి నగిషీ ఒకటే చూసుకోమనండి. సుత్తి పిడికి గుడ్డ చుట్టి లావు చేయండి, సన్న పిడిని బిగించి పట్టుకున్నప్పుడే అక్కడ ఎక్కువ లాగుతుంది. మూడు నెలల తర్వాత మళ్లీ చెప్పండి, అప్పటికీ గ్లాసు ఎత్తలేకపోతే సూది సంగతి మాట్లాడుకుందాం.