కరడులా, కరళ్లా?

రుషికొండ బోర్డు: తుఫాను వేళ స్వెల్‌ని (దూరం నుంచి నడిచొచ్చే అలల్ని) పత్రికల్లో "ఉప్పెన" అని రాసేస్తున్నారు. "కరడు", అంటే అల, అంటే సరిపోదూ? ఓ పాత కందం ముక్క నోట్లో ఆడుతోంది. రెండో పాదం నడిమి గణం "కరడులు"నో "కరళ్లు"నో తేలట్లేదు.

ఛందోప్రియ: మొదటి పాదంతో కలిపి లెక్కేస్తే అది ఆరో గణం. జగణమైనా నలమైనా చెల్లుతుంది. కరళ్లు జగణం (లఘువు, గురువు, లఘువు), కరడులు నలం (నాలుగు లఘువులు). యతి, అంటే పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన అక్షరం, తర్వాతి గణం మీద పడుతుంది కనక అదీ ఆదుకోదు.

వాతావరణి: పద్యం మాటెలా ఉన్నా ఉప్పెన వద్దు. అది మామూలు పోటు మీద నీటిమట్టమే లేవడం. 1977లో దివిసీమను ముంచింది అదే. గాలి నీటిని లోతు తక్కువ తీరంలోకి తోస్తుంది. గాలి పీడనం ఒక హెక్టోపాస్కల్ (పీడనపు కొలత) తగ్గితే నీరు సుమారు సెంటీమీటరు లేస్తుంది. స్వెల్ అలా కాదు, పుట్టించిన గాలిని వదిలేసి వచ్చే అల. అలకీ అలకీ మధ్య 14 సెకన్లుండే స్వెల్ గుంపు గంటకు 39 కిలోమీటర్లు నడుస్తుంది. తుఫాను 900 కిలోమీటర్ల అవతలున్నా దాదాపు రోజులో భీమిలి రాళ్లకు కొడుతుంది. అప్పటికి ఇక్కడ మబ్బు కూడా ఉండకపోవచ్చు.

రుషికొండ బోర్డు: ఆ 14 కోసమే కదండీ మా సర్ఫింగ్ వాళ్ల తపస్సు! మీటరున్నర ఎత్తు, పొద్దున్నే పడమటి గాలి ఉంటే అల ముఖం నున్నగా లేస్తుంది. అదే ఎత్తు 6 సెకన్లకైతే ఒట్టి గందరగోళం.

వాతావరణి: మీ మీటరున్నర పెద్ద అలల మూడోవంతుకి సగటు. దానికి రెట్టింపుదీ వస్తుంది. గుంపుకీ గుంపుకీ మధ్య కాసేపు సద్దుమణుగుతుంది, అది చూసి రాళ్లమీదికి దిగినవాళ్లని తర్వాతి గుంపు లాగేస్తుంది. మీరు బోర్డు తీసే అంకె చూసే మేం వేట వద్దంటాం.

బీచ్‌రోడ్డు పాఠకుడు: మలయాళీ జాలరుల "కల్లక్కడల్" ఉందిగా, దొంగ సముద్రం. ఆ మాటని 2012లో యునెస్కో కూడా ఒప్పుకుంది. మనం "దొంగ కెరటం" అంటే పోలా?

ఛందోప్రియ: కెరటం ఒడ్డున విరిగేది. విరగకుండా నడిచొచ్చేదే కరడు.

బీచ్‌రోడ్డు పాఠకుడు: ఆ తేడా మీ సొంతం మాస్టారూ, నిఘంటువు రెంటికీ అల అనే అర్థమిస్తుంది. మరి "కరడుగట్టిన"లో కరడేది? కొందరు "కరుడుగట్టిన" అంటారే, ఆ "రు" ఎక్కణ్ణుంచొచ్చింది?

ఛందోప్రియ: అది గడ్డ. అల గడ్డకడుతుందా? పోతన "అల వైకుంఠపురంబులో" అంటే కెరటమనుకునేవాళ్లున్నట్టే ఇదీను. అక్కడ అల అంటే "ఆ". ఆ పద్యంలో "కుయ్యాలించి" (మొర విని) ఒక్కటి చాలు, ఏనుగు అరుపు చెవిలో పడుతుంది.

రుషికొండ బోర్డు: పోతన సరే, నా కందం?

ఛందోప్రియ: మొదటి పాదంలో రెండో అక్షరమైనా చెప్పండి.

రుషికొండ బోర్డు: "ల్ల" అనుకుంటా. "ళ్ల" కూడా కావొచ్చు.