రాబ్ పెట్రీ పాత్రను కార్ల్ రైనర్ వదులుకోవడం నష్టమా, లాభమా?

పాతటీవీపిచ్చి:
చూడనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. 'డిక్ వాన్ డైక్ షో' 1961 నుంచి 1966 దాకా అమెరికాలో సీబీఎస్‌లో వచ్చింది, మొత్తం 158 ఎపిసోడ్లు. ఒక టీవీ కామెడీ షోకి స్క్రిప్టులు రాసే రాబ్ పెట్రీ ఇల్లు, ఆఫీసు, అంతే కథ. దాన్ని పుట్టించిన కార్ల్ రైనర్ ఆ రాబ్ పాత్రను తన కోసమే రాసుకున్నాడు. న్యూయార్క్ శివారు న్యూ రోషెల్‌లో కాపురం, న్యూయార్క్‌లో టీవీ ఉద్యోగం, అన్నీ ఆయన సొంత జీవితమే. 13 స్క్రిప్టులు ముందే రాసిపెట్టుకుని, 'హెడ్ ఆఫ్ ద ఫ్యామిలీ' అని పైలట్ (నమూనా ఎపిసోడ్) తీసి, అందులో తనే హీరోగా చేశాడు. (డబ్బు పెట్టింది జాన్ కెనెడీ తండ్రి జోసెఫ్ కెనెడీ. అది వేరే కథ.) 1960 జులైలో ఒకసారి ప్రసారమైంది, సీరియల్‌గా ఎవరూ తీసుకోలేదు.

తర్వాత నిర్మాత షెల్డన్ లెనర్డ్ చదివి, స్క్రిప్టుల్లో లోపం లేదు, నీ పాత్రకి వేరే మనిషిని పెడదాం అన్నాడు. రైనర్ పక్కకి తప్పుకున్నాడు, రాబ్ వేషం డిక్ వాన్ డైక్‌కి వెళ్ళింది. తన బతుకు తను రాసుకుంటే అందులో తనకే వేషం లేదన్నారు. ఇది అన్యాయం అని నా వాదన. మీరేమంటారు?

స్క్రిప్టుదొంగ:
అన్యాయం ఏముంది బ్రదర్? పైలట్ చూశారా? కొడుక్కి నాన్న ఉద్యోగం నామోషీగా ఉంటుంది, నాన్న వాణ్ణి ఆఫీసుకి తీసుకెళ్ళి తన పనేంటో చూపిస్తాడు. కథ బాగానే ఉంది. కానీ రైనర్ అందులో ప్రతి డైలాగూ గెలవాలన్నట్టు చెప్తాడు. రాబ్ గెలిచేవాడు కాదు, తడబడేవాడు. వాన్ డైక్ గదిలోకి వస్తూ స్టూలు తట్టుకుని పడితే నవ్వొస్తుంది. రైనర్ పడితే లేపాలనిపిస్తుంది.

బే_ఏరియా_బామ్మ:
నా అనుమానం వేరు. అప్పటి నెట్‌వర్కులకి బ్రాంక్స్‌లో పుట్టిన యూదుడు ఇంటిపెద్దగా కనిపించడం ఇబ్బంది. ఇల్లినాయ్‌లోని డాన్‌విల్‌లో పెరిగిన వాన్ డైక్ లాంటి సన్నటి పొడుగాటి కుర్రాడైతే ఏ ఊరివాళ్ళకైనా మనవాడే అనిపిస్తాడు. వేషానికి చివరి దాకా పోటీలో ఉన్న ఇంకొకరెవరో తెలుసా? జానీ కార్సన్, తర్వాత టీవీ టాక్ షోతో పేరు తెచ్చుకున్నవాడు. ఆయనా మిడ్‌వెస్ట్ (అమెరికా నడిమి రాష్ట్రాల) వాడే. దీన్ని యాదృచ్ఛికం అనమంటే నేననను.

స్క్రిప్టుదొంగ:
బామ్మగారూ, మరి బడ్డీ సోరెల్ సంగతి? మోరీ ఆంస్టర్‌డామ్ వేసిన ఆ పాత్ర, రాబ్ తోటి రచయిత, పక్కా యూదుడే. 1966లో ఆ వయసులో అతనికి బార్ మిట్స్వా (యూదు కుర్రాళ్ళకి పదమూడేళ్ళకి చేసే మత వేడుక) చేసే ఎపిసోడ్ కూడా ఉంది. దాచాలనుకుంటే అది తీయరుగా.

బే_ఏరియా_బామ్మ:
అదే నేనంటున్నది నాయనా. బడ్డీ అంటే హీరో పక్కన కూర్చునేవాడు. పక్కవాడికి ఏ ఊరైనా, ఏ మతమైనా పర్లేదు. మధ్యలో ఉన్నవాడి దగ్గరే లెక్కలన్నీ.

రేడియోబాబాయ్:
మీరంతా 1960 దగ్గర మొదలుపెట్టారు, అందుకే దారి తప్పుతున్నారు. పదేళ్ళు వెనక్కి వెళ్ళండి.

1950లో రైనర్ 'యువర్ షో ఆఫ్ షోస్'లో చేరాడు. శనివారం రాత్రి తొంభై నిమిషాలు, మొత్తం లైవ్. హీరో సిడ్ సీజర్. రచయితల గదిలో మెల్ బ్రూక్స్, లూసిల్ కాలెన్, మెల్ టోల్కిన్ లాంటి ఉద్దండులు. రైనర్‌ని పెట్టుకున్నది నటుడిగానే, రచయితగా కాదు. అయినా వెళ్ళి ఆ గదిలో కూర్చునేవాడు, జోకులు అందించేవాడు. తెర మీద పేరు మాత్రం నటుల్లోనే.

నటుడిగా ఆయన పని ఏంటంటే, సీజర్‌కి ఎదురుగా మామూలు మనిషిలా నిలబడటం. 1954లో వచ్చిన 'దిస్ ఈజ్ యువర్ స్టోరీ' స్కెచ్ (చిన్న హాస్య నాటిక) చూడండి. ప్రేక్షకుల్లో కూర్చున్న సీజర్ దగ్గరికి యాంకర్ వేషంలో రైనర్ వస్తాడు, ఈరోజు మీ జీవితకథే అంటాడు. సీజర్ పారిపోతాడు. హాలంతా తరిమి, ఎత్తుకొచ్చి స్టేజీ మీద పడేస్తారు. గూపీ బాబాయ్‌గా హోవర్డ్ మోరిస్ వచ్చి సీజర్ కాలికి కరుచుకుని వదలడు. జనం పొట్టలు పట్టుకుంటున్నారు. ఆ గొడవంతటి మధ్యలో రైనర్ మాత్రం చెదరని యాంకర్ మర్యాదతో, తర్వాతి అతిథిని పిలవాలి కదా అన్నట్టు నిలబడి ఉంటాడు. అతను ఒక్క క్షణం మొహం చిట్లించినా ఆ స్కెచ్ కూలిపోతుంది.

దీన్ని మనం సైడ్ క్యారెక్టర్ అని తేలిగ్గా తీసేస్తాం. ఆ తర్వాతి 'సీజర్స్ అవర్'కి 1957, 1958 రెండేళ్ళూ ఆయనకి సహాయ నటుడిగా ఎమ్మీ (అమెరికా టీవీ అవార్డు) ఇచ్చారు. మెల్ బ్రూక్స్ రెండువేల ఏళ్ళ ముసలాయనగా మాట్లాడిన కామెడీ రికార్డులూ అంతే. 1960లో మొదటిది వచ్చింది. అడిగేది రైనర్, చెప్పేది బ్రూక్స్. బ్రూక్స్‌కి పారిపోయే సందు లేకుండా ప్రశ్న వేయడమే రైనర్ విద్య. ఆ ఇరుకులోంచే నవ్వు పుట్టింది. అలాంటివాడికి రాబ్ వేషం పోవడం నష్టం ఎలా అవుతుంది? వేరేవాణ్ణి నిలబెట్టి నవ్వించడం ఆయనకి పదేళ్ళ అలవాటు. కుర్చీ మారింది, పని అదే.

పాతటీవీపిచ్చి:
బాబాయ్, బాగా చెప్పారు కానీ ఒక సందేహం. ఇష్టపడి పక్కన నిలబడటం వేరు, నువ్వు సరిపోవు అంటే తప్పుకోవడం వేరు. రెండూ ఒకటే అంటే ఎలా?

రేడియోబాబాయ్:
ఆయన ఏడుస్తూ కూర్చోలేదుగా. 'డిక్ వాన్ డైక్ షో' రచనకి 1962 నుంచి మూడేళ్ళు వరసగా ఎమ్మీ వచ్చింది.

కొత్తగాచూస్తున్నా:
మరి అలన్ బ్రాడీ రైనరే కదండీ? రాబ్ వాళ్ళ బాస్?

స్క్రిప్టుదొంగ:
అవును, అక్కడే అసలు మజా. మొదట్లో బ్రాడీ మొహం చూపించరు. కుర్చీ వీపు, లేదా మొహం మీద వేడి తువ్వాలు, గొంతు మాత్రం గద్దింపు. తర్వాత మొహం చూపించారు. 1965లో ఒక ఎపిసోడ్: రాబ్ భార్య లారా ఒక టీవీ షోలో నోరుజారి బ్రాడీది బట్టతల, పెట్టుకునేది విగ్గు అని దేశమంతటికీ చెప్పేస్తుంది. క్షమాపణ చెప్పడానికి ఆఫీసుకి వెళ్తే, బల్ల మీద విగ్గులన్నీ వరసగా పెట్టుకుని వాటితో మాట్లాడుతుంటాడు. లారాని వాటికి పరిచయం చేస్తాడు, ఇక మీకు పని లేదన్నట్టు. రైనర్‌కి నిజంగానే బట్టతల కాబట్టి ఇంకా బాగా పండింది.

ఇప్పుడు చెప్పండి, ఆయన రాబ్ అయ్యుంటే ఈ బ్రాడీ ఎక్కణ్ణుంచి వచ్చేవాడు? ముప్ఫై ఏళ్ళ తర్వాత 'మ్యాడ్ అబౌట్ యూ'లో మళ్ళీ బ్రాడీగా వచ్చి 1995లో ఎమ్మీ పట్టుకెళ్ళాడు.

బే_ఏరియా_బామ్మ:
ఆ విగ్గుల ఎపిసోడ్ రాసింది రైనర్ కాదు, బిల్ పర్స్కీ, సామ్ డెనాఫ్. వాళ్ళకీ ఎమ్మీ వచ్చింది. రచయితగా ఆయన గొప్ప అని మీరు చూపించే సాక్ష్యం వేరేవాళ్ళ కలంది.

రేడియోబాబాయ్:
తన షోలో తనకి మంచి వేషం ఇంకొకరి చేత రాయించుకోగలగడం తక్కువ పనా అమ్మా?

పాతటీవీపిచ్చి:
సరే, హీరోగా పనికిరాడు అన్నదాని మీద ఒక్కటి అడుగుతా. 1966లో 'ద రష్యన్స్ ఆర్ కమింగ్' సినిమాలో టైటిల్స్‌లో మొదటి పేరు కార్ల్ రైనర్. కుటుంబంతో సెలవులకి దీవికొచ్చిన రచయిత పాత్ర. అంటే దాదాపు రాబ్ పెట్రీయే!

స్క్రిప్టుదొంగ:
ఆ సినిమాకి ఉత్తమ నటుడిగా ఆస్కార్ నామినేషన్ ఎవరికొచ్చింది? రష్యన్ నావికుడు వేసిన అలన్ ఆర్కిన్‌కి. మొదటి పేరు రైనర్‌ది, గుర్తుండిపోయింది ఆర్కిన్.

పాతటీవీపిచ్చి:
ఆర్కిన్ పక్కన ఎవరున్నా అంతే. దాన్ని రైనర్ మీద వేయకండి.

కొత్తగాచూస్తున్నా:
మీ గొడవ తేలేలా లేదు గానీ, నేను ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. నేరుగా విగ్గుల ఎపిసోడ్ చూసేయనా?

రేడియోబాబాయ్:
వద్దు. అది ఐదో సీజన్‌ది. ముందు మొదటి రెండు సీజన్లలోవి నాలుగైదు చూడండి, బ్రాడీ గొంతుకి భయపడటం అలవాటవ్వాలి. పైలట్ మాత్రం ఆఖర్న పెట్టుకోండి. అప్పటికి వాన్ డైక్ మీ కళ్ళలో నాటుకుపోయి ఉంటాడు కాబట్టి, రైనర్‌కి మీరు న్యాయం చేయలేరు. చేయగలిగితే ఇక్కడికొచ్చి పాతటీవీపిచ్చి గారి పక్షాన చేరండి, ఆయన ఒంటరైపోయారు.