పాత ఇంట్లో గీజర్: మెకానిక్ వచ్చేలోగా ఏమేం చేయించి పెట్టుకోవాలి?

పాతఇల్లు_ఖమ్మం:

అందరికీ నమస్కారం. అమ్మానాన్నలు ఖమ్మంలో ఉంటారు, నేను హైదరాబాద్‌లో. ఇల్లు 1994లో కట్టింది, ఒకటే అంతస్తు, స్లాబు మీద సిమెంటు ట్యాంకు, బోరు నీళ్లు.

కార్తీకం వచ్చిందంటే మా నాన్న తెల్లారకముందే స్నానం చేయాలి. ఇన్నాళ్లూ రాడ్డుతోనే లాగించారు. బకెట్ మీద అడ్డంగా ఓ వెదురు కర్ర, దానికి రాడ్డు తగిలించి ప్లగ్గు పెట్టడం, పూజ గది ఊడ్చుకుని వచ్చేసరికి నీళ్లు పొగలు కక్కుతుండటం. ఆ మధ్య అమ్మ స్విచ్ ఆపకుండానే కాగాయో లేదో చూద్దామని వేలు పెట్టింది. జివ్వుమని లాగిందట. చెప్పులు వేసుకుని ఉంది కాబట్టి సరిపోయింది. ఆ సంగతి ఫోన్‌లో విన్న రోజే 15 లీటర్ల గీజర్ ఆర్డర్ పెట్టేశాను. 2000 వాట్లు, ఫైవ్ స్టార్. డబ్బా ఇప్పుడు హాల్లో టీవీ పక్కన ఉంది, దాని మీద నాన్న పేపర్లు పెట్టుకుంటున్నారు.

మెకానిక్‌కి ఫోన్ చేస్తే "పాయింటూ, నీళ్ల లైనూ రెడీగా ఉంటేనే బిగిస్తాం సార్, లేకపోతే మళ్లీ విజిటింగ్ చార్జీ పడుద్ది" అన్నాడు. ఇక్కడే నా టెన్షన్.

బాత్రూం లైటు బోర్డులో చిన్న సాకెట్ ఒకటి ఉంది, రాడ్డు దానికే పెట్టేవాళ్లు. మెయిన్ ఆపి ప్లేటు విప్పితే రెండే వైర్లు. మూడో రంధ్రం ఊరికే అలంకారానికి. వీధి వైపు గోడ తొమ్మిదంగుళాలది, వంటగది వైపుది నాలుగున్నర. కుళాయి సన్న గోడకే ఉంది కాబట్టి ప్లంబర్ అక్కడే పెట్టేద్దామంటున్నాడు. నాన్నేమో "స్విచ్ బాత్రూంలోనే ఉండాలి, ఒంటి మీద నీళ్లతో బయటికొచ్చి ఆపమంటావా?" అని పట్టుబట్టారు. ఏది ముందు చేయించాలి?

మియాపూర్_ఐదో_ఫ్లోర్:

ప్రెషర్ చూసుకున్నారా? మా అపార్ట్‌మెంట్‌లో 8 బార్ తట్టుకునేదే కొనమన్నారు. ప్రెషర్ పంపు కూడా పెట్టించుకుంటే షవర్ బాగా వస్తుంది.

రిటైర్డ్_వైర్‌మ్యాన్:

బ్రదర్, పై ఆయన చెప్పింది పెద్ద బిల్డింగులకు. పది మీటర్ల ఎత్తుకు ఒక బార్ లెక్క. మీ ట్యాంకు గీజర్‌కి మనిషెత్తు పైన కూడా ఉండదు. పంపు జోలికి వెళ్లకండి, బకెట్ స్నానానికి ఆ ధార చాలు.

ఇక కరెంటు సంగతి. 2000 వాట్లంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు. మీ లైటు బోర్డులోది 6 ఆంపియర్ల సాకెట్. గీజర్ ప్లగ్గు పిన్నులు లావు, అందులో దూరవు. మధ్యలో కన్వర్టర్ పెడదామని ఎవరైనా అంటే ఇంటికి పంపించెయ్యండి. మెయిన్ బోర్డు నుంచి గీజర్ కోసమే విడిగా లైను లాగించండి. రాగి వైరు 2.5 స్క్వేర్ ఎం.ఎం.కి తగ్గకూడదు, దూరం ఎక్కువైతే 4 వేయండి. ఆ లైనుకి సొంతంగా 16 ఆంపియర్ల ఎంసీబీ, అంటే లోడు మించితే దానంతటదే పడిపోయే స్విచ్. దానితోపాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, షాపులో ఈఎల్‌సీబీ అని అడిగినా ఇదే ఇస్తారు. లీకేజీ కరెంటుకు ఎంసీబీ కదలదు, పడేది ఇదే. మీ అమ్మగారికి తగిలినలాంటి షాకు నుంచి కాపాడేది ఇదే.

రెండే వైర్లు అన్నారు చూడండి, అంటే ఎర్త్ వైరు లేదన్నమాట, అసలు పని అక్కడుంది. మీటరు పక్కన నేలలోకి దిగిన పైపుగానీ తీగగానీ ఉందా? లేకపోతే గుంట తవ్వించి, బొగ్గూ ఉప్పూ పోయించి పైపు ఎర్త్ వేయించాలి. అక్కడి నుంచి ఆకుపచ్చ వైరు గీజర్ సాకెట్ దాకా రావాలి. ఒక మాట గట్టిగా చెప్తున్నా. తవ్వడం తప్పించుకోవడానికి కొందరు సాకెట్ వెనకాల న్యూట్రల్‌కీ ఎర్త్ పిన్నుకీ చిన్న వైరు ముక్క కలిపేస్తారు. టెస్టింగ్ మీటరు పెట్టి కొలిస్తే అంతా బాగున్నట్టే చూపిస్తుంది. న్యూట్రల్ ఎక్కడైనా తెగిన రోజున మాత్రం గీజర్ బాడీకి ఫేజు ఎక్కేస్తుంది. సాకెట్ బిగించేటప్పుడు మీరు పక్కనే నిలబడి చూడండి. ఫోన్‌లో చూసుకుందాంలే అనుకోకండి, ఆ ఒక్క పనికి ఊరెళ్లండి.

స్విచ్ బాత్రూం తలుపు బయటే. నాన్నగారికి ఇలా చెప్పండి: చలికాలంలో కూడా 15 లీటర్లు స్నానానికి సరిపడా వేడెక్కడానికి ఇరవై నిమిషాలు చాలు. ఆపేసి లోపలికి వెళ్తే అయిపోయింది, స్నానం మధ్యలో స్విచ్‌తో పనేముంది? చన్నీళ్లు కలుపుకుంటే దాదాపు రెండు బకెట్లు వస్తాయి.

బోరునీళ్ల_బాధితురాలు:

గోడ గురించి ఎవరూ చెప్పలేదు. నీళ్లు నిండాక పాతిక కిలోల పైమాటే. నాలుగున్నర గోడకు మామూలు ఫాస్టెనర్లు కొడితే ఇటుకే పగులుతుంది. అక్కడే కావాలంటే బోల్టు గోడ దాటించి, వంటగది వైపు ఇనుప పట్టీ వేసి నట్టు బిగించాలి. అంతకన్నా వీధి వైపు గోడే మేలు, నాలుగడుగుల పైపు ఎక్కువవుతుంది, అంతే.

పైపు దగ్గర కూడా కాస్త కన్నేసి ఉంచండి. వేడి నీళ్ల లైనుకి మీగడ రంగు సీపీవీసీ వేయాలి. తెల్ల పీవీసీ ముక్కలు మిగిలాయని ప్లంబర్ వేసేస్తే వేడికి మెత్తబడి సాగిపోతుంది. చన్నీళ్లు లోపలికి వెళ్లే చోట ఒక వాల్వ్ పెట్టించండి, రిపేరు రోజున ఇంటి మొత్తానికి నీళ్లు కట్టేయనక్కర్లేదు. సేఫ్టీ వాల్వ్ నుంచి నీళ్లు కాగేటప్పుడు చుక్కలు పడతాయి. లీకనుకుని మా మరిది దానికి ఎంసీల్ పూయబోయాడు, గోలగోల చేసి ఆపాను! దాన్ని మూయకూడదు, చిన్న గొట్టం తగిలించి కిందికి వదలాలి.

మీవీ బోరు నీళ్లే కాబట్టి థర్మోస్టాట్ (నీళ్లు ఎంత వేడెక్కాలో పెట్టుకునే నాబ్) మరీ పైకి తిప్పకండి, వేడి పెరిగేకొద్దీ తెల్ల పొర ఎక్కువ కడుతుంది. లోపల మెగ్నీషియం రాడ్డు ఉంటుంది, ట్యాంకు బదులు అది అరిగిపోతుంది. ఏడాదికోసారి విప్పించి చూడండి. అది కింద నుంచే బయటికి వస్తుంది, కాబట్టి గీజర్ కింద అల్మారాలు, అద్దాలు పెట్టకండి.

పాతఇల్లు_ఖమ్మం:

అందరికీ థ్యాంక్స్. మీటరు దగ్గర పైపూ లేదు, తీగా లేదు. వంటగది వెనక అంట్లు తోమే చోట నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది, గుంట అక్కడ తవ్విద్దామని నాన్నే అన్నారు. శనివారం నేనే వెళ్తున్నా. గీజర్ వీధి గోడకే. స్విచ్ మాత్రం వంటగదిలో నుంచి ఎర్ర లైటు కనిపించేలా పెట్టమంటోంది అమ్మ. కరెంటు బిల్లులో లోడు 1 కిలోవాట్ అని ఉంది, అది మార్పించాలా?

రిటైర్డ్_వైర్‌మ్యాన్:

మార్పించండి. గీజర్ ఒక్కటే రెండు కిలోవాట్లు కదా. ఎర్త్‌కి ఆ చోటు బాగుంది. బిగించాక ముందు వేడి కుళాయి విప్పి వదిలెయ్యండి. గాలంతా పోయి నీళ్లు తెగకుండా ధారగా వచ్చాకే స్విచ్ వేయాలి. ఖాళీ ట్యాంకుకు కరెంటిస్తే నీళ్లు కాచే ఎలిమెంట్ పోతుంది. మెకానిక్ హడావిడిలో ఉన్నా మీరు ఆ ధార చూశాకే సంతకం పెట్టండి.