వేస్ట్ కప్లింగ్ రెండుసార్లు మార్చినా వాష్ బేసిన్ కింద నీరు కారుతోంది, కారణం ఏమై ఉంటుంది?

ప్రశ్న (రాజోలు ప్రాంతం నుంచి)

నమస్కారమండి. మాది రాజోలుకు దిగువన, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో మాకు బోరు నీరే దిక్కు, ఆ నీరు ఉప్పన. స్నానాలగదిలోని వాష్ బేసిన్‌కు ఇల్లు కట్టినప్పుడు బిగించిన ఇత్తడి వేస్ట్ కప్లింగ్ (బేసిన్ అడుగు రంధ్రంలో దిగి, నీటిని కిందికి పంపే గొట్టం ముక్క) ఆ ఉప్పుకు తినేసి, పై అంచు పెచ్చులు లేచి, అడుగున నట్టు దగ్గర కారడం మొదలైంది. ప్లంబరు వచ్చి కొత్తది వేసి, అంచు కింద తెల్ల సిమెంటు పెట్టి వెళ్లారు. నెల తిరక్కుండానే మళ్లీ కారింది. రెండోసారి నేనే విప్పి, సిమెంటంతా గోకి, వేరే కొత్త కప్లింగ్ తెచ్చి, అంచు కింద సిలికాన్ పూసి, ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చి బిగించాను.

ఇప్పుడు వింత ఏమిటంటే, చేతులు కడుక్కున్నంత మాత్రాన ఒక్క చుక్క కూడా పడటం లేదు. మా అమ్మగారు బిరడా పెట్టి, బేసిన్ నిండా నీళ్లు పట్టి చిన్న చిన్న బట్టలు నానబెట్టినప్పుడు మాత్రం కింద బాటిల్ ట్రాప్ (కొంత నీటిని నిలిపి మురుగు వాసనను ఆపే సీసాలాంటి భాగం) మీదుగా ధారగా కారుతోంది. రబ్బరు వాషరు కూడా మార్చి చూశాను. బేసిన్‌కే ఎక్కడైనా పగులు వచ్చిందంటారా?

సమాధానం (పాలకొల్లు నుంచి)

మా ఇంట్లోనూ ఇలాగే కారితే నట్టు చుట్టూ ఎం-సీల్ ముద్ద మెత్తి వదిలేశామండి. నాలుగేళ్లుగా ఇబ్బంది లేదు. మీరు కూడా అదే చేసి చూడండి.

సమాధానం (భీమవరం నుంచి)

ఎం-సీల్ తొందరపడి పెట్టకండి. అది రాయిలా గట్టిపడుతుంది కాబట్టి రేపు కప్లింగ్ విప్పాల్సి వస్తే ఉలితో కొట్టాలి, ఆ దెబ్బకు పింగాణీ పగిలే ప్రమాదం ఉంది. తెల్ల సిమెంటుతోనూ ఇదే చిక్కు. పైగా బేసిన్ మీద చేతులు ఆనించినప్పుడల్లా కలిగే చిన్న కదలికకు ఆ సిమెంటులో సన్నని వెంట్రుక పగుళ్లు వస్తాయి.

ముందు నీరు ఏ దారిన వస్తోందో తేల్చుకోవాలి. ట్రాప్ కింద పొడి వార్తాపత్రిక పరిచి, బిరడా పెట్టి, బేసిన్‌ను సగం వరకు మాత్రమే నింపి అరగంట వదిలేయండి. అప్పుడే చుక్కలు పడితే పై అంచు కింద సీలు సరిగ్గా పట్టలేదని అర్థం. సగం వరకు నిలిపినప్పుడు పొడిగానే ఉండి, బిరడా తీసి వదిలినప్పుడు కారితే అడుగు వాషరునో, కప్లింగ్ గొట్టం మీది మరలనో (స్క్రూ చుట్లనో), ట్రాప్ నట్టునో అనుమానించాలి. ఈ రెండూ కాకుండా, నీరు పైనున్న ఓవర్‌ఫ్లో రంధ్రాన్ని (బేసిన్ పొర్లకుండా అంచు కింద ఉండే చిల్లును) అందుకున్నాకే కారితే విషయం వేరు. మీరు చెప్పిన లక్షణాలు ఈ మూడోదానికే సరిపోతున్నాయి. మీ కప్లింగ్ గొట్టానికి పక్కల కిటికీల్లాంటి గాళ్లు ఉన్నాయా, లేక పై నుంచి కింది వరకు మరలే ఉన్నాయా?

ప్రశ్న అడిగినవారు

సగం నింపి గంట చూశాను, కాగితం తడవలేదు. బిరడా తీసినా తడవలేదు. నీరు పై రంధ్రంలోకి దిగడం మొదలైన రెండు నిమిషాలకే కాగితం తడిసిపోయింది. కప్లింగ్ మీద మొత్తం మరలే ఉన్నాయి, గాళ్లేమీ లేవు. ఇదే మంచిదని, బాగా బిగుస్తుందని దుకాణంలో చెప్పి ఇచ్చారు.

సమాధానం (భీమవరం నుంచి)

అయితే మీ బేసిన్‌కు పగులేమీ లేదు, కప్లింగ్ రకమే తప్పు. ఓవర్‌ఫ్లో రంధ్రంలో పడిన నీరు పింగాణీ గోడ లోపలి సన్నటి కాలువ గుండా వచ్చి, కప్లింగ్ దిగే రంధ్రం పక్కనే తేలుతుంది. ఆ నీరు గొట్టంలోకి వెళ్లడానికే హాఫ్ థ్రెడ్ (కింది భాగానికే మరలున్న) కప్లింగ్‌కు పక్కన గాళ్లు ఉంచుతారు. ఫుల్ థ్రెడ్ రకం, అంటే మీరు తెచ్చిన మొత్తం మరలున్న రకం, ఓవర్‌ఫ్లో లేని బేసిన్లకు ఉద్దేశించినది. మీ బేసిన్‌లో ఆ నీటికి దారి లేక, కప్లింగ్ చుట్టూ నిలిచి, మరల చుట్ల వెంట మెట్లు దిగినట్టు రబ్బరు వాషరును దాటి వచ్చేస్తోంది. వాషరు పింగాణీని ఎంత గట్టిగా నొక్కినా మరల సందును పూర్తిగా మూయలేదు కాబట్టే, మార్చినా మీకు గుణం కనబడలేదు.

32 మిల్లీమీటర్ల హాఫ్ థ్రెడ్ కప్లింగ్ తెచ్చుకోండి. ట్రాప్ విప్పే ముందు కింద బకెట్ పెట్టండి, దానిలో ఎప్పుడూ కొంత నీరు నిలిచే ఉంటుంది. పాతదాని నట్టు తిప్పుతుంటే కప్లింగ్ కూడా తిరిగితే, పైనుంచి జల్లెడ కమ్మీల మధ్యకు ప్లయర్ చేతులు దించి పట్టుకోవాలి. అప్పటికీ రాకపోతే నట్టును హ్యాక్సా బ్లేడుతో నిలువుగా కోయవచ్చు. సుత్తి మాత్రం ఎత్తవద్దు. రంధ్రం అంచున పాత సిలికాన్, సబ్బు జిడ్డు ఏమాత్రం మిగలకుండా తుడిచి, పూర్తిగా ఆరాకే కొత్తది పూయండి. సిలికాన్ గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది కనుక మన ముసురు దానికి అడ్డు కాదు గాని, తడి పింగాణీకి అది అంటుకోదు.

కప్లింగ్‌ను పైనుంచి దించాక, గాళ్లు ఓవర్‌ఫ్లో కాలువ తేలే ఎత్తులో ఉన్నాయో లేదో చూడండి. అడుగున, ఒక వైపుకు సన్నబడుతూ ఉండే రబ్బరు వాషరు సన్నని వైపు పైకి, రంధ్రంలోకి వెళ్లాలి. దాని కింద ప్లాస్టిక్ వాషరు, ఆ తరువాత నట్టు. ఆ ప్లాస్టిక్ బిళ్ల అనవసరమని చాలామంది పారేస్తారు. అది లేకపోతే నట్టు రబ్బరును మెలితిప్పి చింపేస్తుంది. వాషరు కూర్చునే చోట, గాళ్లకు కిందనున్న మరల మీద టెఫ్లాన్ టేపు ఏడెనిమిది చుట్లు చుట్టి, పైన పలుచగా సిలికాన్ పూయండి. పూర్వం సఫేదా అనే తెల్ల ముద్ద పూసి జనపనార చుట్టింది ఈ సందు కోసమే. చేత్తో బిగిసినంత బిగించి, రెంచితో మరో అర చుట్టు తిప్పితే చాలు.

సమాధానం (రామచంద్రపురం నుంచి)

పై రంధ్రాన్నే సిలికాన్‌తో మూసేస్తే పోయేది కదా అని చదువుతున్నప్పుడు నాకు అనిపించింది గాని, కుళాయి తిప్పి మరిచిపోయిన రోజున గదంతా చెరువవుతుంది కనుక అది వద్దు. ఒక మాట చేర్చాలి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, అది ఇత్తడికి మంచిది కాదు. ఆమ్లం వదలని న్యూట్రల్ రకం అడిగి తీసుకోండి. మీ ఉప్పు నీటికి ఇత్తడిలోని జింకు కరిగిపోయి, మిగిలిన లోహం ఎర్రబారి పెళుసవుతుంది కాబట్టి, అందం తగ్గినా మంచి ప్లాస్టిక్ కప్లింగ్ మీకు ఎక్కువ కాలం వస్తుందని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు

ఆదివారం పని పూర్తయిందండి. ప్లాస్టిక్‌ది, హాఫ్ థ్రెడ్ తెచ్చాను. గాళ్లు పై అంచు సిలికాన్‌తో మూసుకుపోతాయేమోనని తక్కువ పూశాను, పిండి బయటకు వచ్చినదాన్ని తడి వేలితో తుడిచేశాను. ఒక రోజు ఆగి, నీరు ఓవర్‌ఫ్లోలోకి దిగుతుండగా పావుగంట కుళాయి వదిలి చూస్తే కాగితం పొడిగానే ఉంది. పాత ఫుల్ థ్రెడ్ కప్లింగ్‌కు సిలికాన్ అంటుకుందని దుకాణంలో వెనక్కి తీసుకోలేదు. పెరట్లో గిన్నెలు కడిగే సిమెంటు తొట్టికి ఓవర్‌ఫ్లో లేదు కనుక దాన్ని అక్కడ బిగించేశాను.