డబ్ల్యూపీఏ2 ఎంటర్‌ప్రైజ్: రేడ్‌టెస్ట్ పాస్, వైఫై మాత్రం ఎక్కట్లేదు

నీలికేబుల్:
అందరికీ ఒకటే వైఫై పాస్‌వర్డ్ నడుస్తోంది. ఎవరు మానేసినా అది మార్చి 40 మందికి మళ్ళీ చెప్పాలి. అందుకని ఒక్కొక్కరికి వేరే లాగిన్ ఉండే డబ్ల్యూపీఏ2 ఎంటర్‌ప్రైజ్‌కి మారుతున్నాం. డెబియన్ లినక్స్ మీద ఫ్రీరేడియస్ 3 (లాగిన్‌లు సరిచూసే రేడియస్ సర్వర్), పీఈఏపీ-ఎంఎస్‌చాప్‌వీ2 (సర్వర్ సర్టిఫికెట్‌తో టనెల్ వేసి, దాని లోపల పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతి). సర్వర్‌లో రేడ్‌టెస్ట్ అనే పరీక్ష కమాండ్ కొడితే యాక్సెస్-యాక్సెప్ట్ (లాగిన్ సరే అనే జవాబు) వస్తోంది. రెండు చోట్ల ఆగాను.
ఒకటి, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లకి ఉచిత సాఫ్ట్‌వేర్) వేసిన యాక్సెస్ పాయింట్‌లో ఎన్‌క్రిప్షన్ లిస్టులో ఎంటర్‌ప్రైజ్ అనే ఆప్షనే లేదు. రెండు, ఆ ఆప్షన్ ఉన్న ఇంకో యాక్సెస్ పాయింట్‌తో చూస్తే ఆండ్రాయిడ్ ఫోన్ డొమైన్ అడుగుతోంది, ఏదో ఒకటి ఇస్తే కనెక్ట్ కాదు. విండోస్ లాప్‌టాప్ కాసేపు తిరిగి ఊరుకుంటుంది. తప్పు ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి?

పోర్ట్_1812:
మొదటిది తేలికండి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో మామూలుగా వచ్చే డబ్ల్యూపీఏడీ-బేసిక్ ప్యాకేజీకి (వైఫై లాగిన్‌లు చూసుకునేది) ఎంటర్‌ప్రైజ్ రాదు. దాన్ని తీసేసి పూర్తి డబ్ల్యూపీఏడీ (ఎంబెడ్‌టీఎల్‌ఎస్ లేదా ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ రకం) వేసి రీబూట్ చేయండి. ఈ పని కేబుల్ మీద నుంచే చేయాలి, బేసిక్ తీసిన క్షణం వైఫై పోతుంది కాబట్టి. వేయాల్సిన ప్యాకేజీని ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఇక రేడ్‌టెస్ట్. అది 127.0.0.1 నుంచి, అంటే అదే సర్వర్ లోపలి నుంచి, ఉత్త పాస్‌వర్డ్ మాత్రమే చూస్తుంది. ఈఏపీని (ఎంటర్‌ప్రైజ్ లాగిన్ సంభాషణ నడిపే ప్రోటోకాల్) గానీ సర్టిఫికెట్‌ని గానీ ముట్టుకోదు. అది పాసైనంత మాత్రాన వైఫై పనిచేస్తుందని అనుకోకండి. ఈఏపీ మొత్తం పరీక్షించాలంటే ఈఏపీఓఎల్-టెస్ట్ వాడాలి.

సర్వీస్ ఆపేసి ఫ్రీరేడియస్‌ని పెద్దక్షరం ఎక్స్ స్విచ్‌తో డీబగ్‌లో నడపండి, అప్పుడు ఫోన్‌తో ప్రయత్నించండి. స్క్రీన్ మీద ఏమీ కదలకపోతే ప్యాకెట్ సర్వర్‌దాకా రావట్లేదు: ఫైర్‌వాల్‌లో యూడీపీ 1812 తెరిచి ఉందా, అకౌంటింగ్ (ఎవరు ఎంతసేపు వాడారన్న లెక్క) కావాలంటే 1813 ఉందా చూడండి. "అన్‌నోన్ క్లయింట్" అంటే క్లయింట్స్ ఫైల్లో రాసిన ఐపీ, యాక్సెస్ పాయింట్ నిజంగా పంపే ఐపీ ఒకటి కావు. యాక్సెస్ పాయింట్‌కి స్టాటిక్ ఐపీ ఇవ్వండి. మెసేజ్-ఆథెంటికేటర్ తప్పు అంటే రెండు వైపులా షేర్డ్ సీక్రెట్ (యాక్సెస్ పాయింట్‌కీ సర్వర్‌కీ మధ్య రహస్య పదం) కలవలేదు, చాలాసార్లు చివర్లో అతుక్కున్న ఒక స్పేస్ వల్లే. ఇవేవీ కాకుండా యాక్సెస్-ఛాలెంజ్‌లు (లాగిన్ మధ్యలో సర్వర్ పంపే సందేశాలు) కొన్ని వెళ్ళి ఆ తర్వాత నిశ్శబ్దం అయిపోయినా, "అన్‌నోన్ సీఏ" (సీఏ అంటే సర్టిఫికెట్ జారీచేసేది) అని వచ్చినా, సర్వర్ తప్పు ఏమీ లేనట్టే. మీ సర్టిఫికెట్‌ని ఫోన్ నమ్మట్లేదు. మీ లక్షణాలు చూస్తే ఇదే.

తాళంచెవి:
అవును, సర్టిఫికెట్టే. డెబియన్ ప్యాకేజీలో ఈఏపీ ఫైల్ డిఫాల్ట్‌గా స్నేక్‌ఆయిల్ (పరీక్ష కోసం సర్వరే సొంతంగా చేసుకున్న) సర్టిఫికెట్‌ని చూపిస్తుంది. దాన్ని ఏ ఫోనూ నమ్మాల్సిన పని లేదు. సొంత సీఏ చేసుకోండి: ఫ్రీరేడియస్ సర్ట్స్ ఫోల్డర్‌లో సీఏకీ సర్వర్‌కీ విడివిడిగా కాన్ఫిగ్ ఫైళ్ళు, ఒక మేక్‌ఫైల్ (మేక్ కమాండ్ కొడితే సర్టిఫికెట్లు తయారుచేసేది) ఉంటాయి. వాటిలో గడువు 60 రోజులే, మార్చకుండా మేక్ కొడితే రెండు నెలలకి అందరూ ఒకేసారి బయటికి పోతారు. సీఏకి 10 ఏళ్ళు, సర్వర్ సర్టిఫికెట్‌కి 825 రోజులు దాటకుండా పెట్టండి, ఆపిల్ పరికరాలు అంతకు మించితే ఒప్పుకోవు. సర్వర్ సర్టిఫికెట్‌లో సర్వర్ ఆథెంటికేషన్ అనే ఎక్స్‌టెండెడ్ కీ యూసేజ్ (సర్టిఫికెట్ ఏ పనికో చెప్పే గడి) లేకపోతే విండోస్ తిరస్కరిస్తుంది. సబ్జెక్ట్ ఆల్టర్నేటివ్ నేమ్‌లో (సర్టిఫికెట్‌లో సర్వర్ పేరు ఉండే గడి) ఏ పేరు రాశారో, ఆండ్రాయిడ్ డొమైన్ గడిలో ఇవ్వాల్సింది అదే. కీ ఫైల్‌ని ఫ్రీరాడ్ యూజర్ (సర్వర్ నడిచేది ఈ పేరు మీదే) చదవగలగాలి, ఫైల్ అనుమతి 640 చాలు.

తర్వాత సీఏ సర్టిఫికెట్‌ని ప్రతి పరికరంలో వేయండి. ఇది విసుగు పని. కానీ ఎంటర్‌ప్రైజ్ భద్రత అంతా ఇక్కడే ఉంది, యాక్సెస్ పాయింట్‌లో కాదు. "వ్యాలిడేట్ చేయవద్దు" అని పెట్టి వదిలేస్తే, అదే ఎస్‌ఎస్‌ఐడీతో (వైఫై పేరు) దొంగ యాక్సెస్ పాయింట్ పెట్టినవాడికి మీవాళ్ళ ఎంఎస్‌చాప్‌వీ2 జవాబు దొరుకుతుంది. దాన్ని ఛేదించడమంటే ఒక 56 బిట్ల డీఈఎస్ (పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతి) కీని వెతకడమేనని 2012లోనే చూపించారు. ఆండ్రాయిడ్ 11 నుంచి ఆ ఆప్షన్ తీసేయడం మొదలుపెట్టింది అందుకే.

పోర్ట్_1812:
పబ్లిక్ సీఏ నుంచి సర్టిఫికెట్ తీసుకుంటే సీఏ పంచే బాధ తప్పుతుంది కదా?

తాళంచెవి:
తప్పుతుంది, కానీ అప్పుడు డొమైన్ గడి తప్పనిసరి. అది ఖాళీగా ఉంటే అదే సీఏ నుంచి ఏ పేరు మీద సర్టిఫికెట్ తీసుకున్నవాడైనా మీ సర్వర్‌గా చలామణీ అవుతాడు. పైగా దాని గడువు తక్కువ, మాటిమాటికీ మార్చాలి. నేనైతే సొంత సీఏకే ఓటేస్తాను.

గాలిదారి:
ఎలాగూ ప్రతి పరికరాన్ని ముట్టుకుంటున్నప్పుడు పీఈఏపీ ఎందుకండి, ఈఏపీ-టీఎల్‌ఎస్‌కే వెళ్ళిపోండి. పాస్‌వర్డే ఉండదు, ఒక్కొక్కరికి సొంత సర్టిఫికెట్ ఉంటుంది. విండోస్ 11 22హెచ్2 ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లో క్రెడెన్షియల్ గార్డ్ (లాగిన్ వివరాలని కాపాడే విండోస్ భద్రత) డిఫాల్ట్‌గా ఆన్ కావడంతో, లాగిన్ పాస్‌వర్డ్‌తోనే పీఈఏపీ దానంతటదే ఎక్కడం ఆగిపోయింది కూడా. టీఎల్‌ఎస్‌లో చూసుకోవాల్సినవి రెండు. మానేసినవాళ్ళ సర్టిఫికెట్ రద్దు చేసినా, చెక్-సీఆర్‌ఎల్ (సీఆర్‌ఎల్ అంటే రద్దైన సర్టిఫికెట్ల జాబితా) ఆన్ చేయనంత వరకు సర్వర్ దాన్ని లోపలికి రానిస్తూనే ఉంటుంది. ఆన్ చేశాక సీఆర్‌ఎల్ గడువు దాటితే అందరినీ ఆపేస్తుంది, కాబట్టి దాన్ని క్రాన్‌లో (పనుల్ని వేళకి నడిపేది) పెట్టి తాజాగా ఉంచాలి. రెండోది, సర్టిఫికెట్ గొలుసు పెద్దదై యూడీపీ ప్యాకెట్ ముక్కలైతే మధ్యలోని ఫైర్‌వాల్ వాటిని పారేయవచ్చు. ఈఏపీ ఫైల్లో ఫ్రాగ్‌మెంట్ సైజ్ 1024 పెట్టండి.

డబ్ల్యూపీఏ3 ఎంటర్‌ప్రైజ్ ఎంచుకుంటే పీఎంఎఫ్ (వైఫై నిర్వహణ సందేశాలకి రక్షణ) తప్పనిసరి, పాత ప్రింటర్లు ఎక్కవు. ముందు మిక్స్‌డ్‌లో (డబ్ల్యూపీఏ2, 3 రెండూ) పీఎంఎఫ్ ఆప్షనల్‌గా పెట్టి చూడండి. 192 బిట్ మోడ్‌ని మాత్రం ముట్టుకోకండి, దానికి నియమాలు వేరు.

నీలికేబుల్:
సీఏ వేశాక రెండూ ఎక్కాయి, థాంక్యూ అండి. టీఎల్‌ఎస్ తర్వాత చూస్తాం. యూజర్‌ని బట్టి వీలాన్ (ఒకే నెట్‌వర్క్‌లో విడదీసిన భాగం) ఇద్దామని టనెల్-టైప్ 13, మీడియం-టైప్ 6, ప్రైవేట్-గ్రూప్-ఐడీ 30 రాశాను. అయినా డిఫాల్ట్ వీలాన్‌లోనే పడుతున్నారు.

పోర్ట్_1812:
పీఈఏపీలో యూజర్ లోపలి టనెల్‌లో తేలతాడు, మీరు రాసిన విలువలు అక్కడే ఉండిపోయాయి. ఇన్నర్-టనెల్ ఫైల్ పోస్ట్-ఆథ్ భాగంలో "ఇఫ్ (0)" అని ఒక బ్లాక్ ఉంటుంది, దాన్ని 1 చేయండి. డీబగ్‌లో చివరి యాక్సెస్-యాక్సెప్ట్‌లో ఆ మూడూ కనబడాలి. కనబడ్డాక కూడా ఐపీ రాకపోతే రేడియస్‌ని వదిలేసి స్విచ్ చూడండి: యాక్సెస్ పాయింట్ ఉన్న పోర్ట్‌లో వీలాన్ 30 ట్యాగ్డ్‌గా లేదన్నమాట.