పోతన భాగవతం రాసింది ఒంటిమిట్టలోనా, ఓరుగల్లు సీమలోనా?

అడిగినవారు:
ఈసారి ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం వెన్నెల్లో చూసొచ్చాం. గుడి దగ్గర ఒక పెద్దాయన "భాగవతం పుట్టింది ఈ నేల మీదే" అన్నాడు. మా ఆవిడది జనగామ వైపు, ఒప్పుకోలేదు. పోతన బమ్మెర వాడంటుంది. ఏ మాటకు బలం ఉంది?

కడప జిల్లా వాసి:
గర్భగుడిలో సరిగ్గా చూశారా? సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే రాతిలో ఉంటారు, పక్కన హనుమంతుడు ఉండడు. ఆ ఒక్క రాయి వల్లే మా ఊరిని ఏకశిలానగరం అంటారు. పోతన గ్రంథం మొదట్లోనే "ఏకశిలానగరంబునకుం జనుదెంచి" అని రాసుకున్నాడు. పలికించినవాడు రామభద్రుడు. ఇంత రాముణ్ణి మోసిన కవికి ఇంతకంటే తగిన ఊరేది?

పాలకుర్తి వాసి:
అన్నా, గుడి మీద నాకూ భక్తి ఉంది. కానీ ఓరుగల్లు అంటేనే ఒంటి రాయి. కాకతీయుల నాటి నుంచీ ఏకశిలానగరమంటే ఓరుగల్లే. ఆయన తనను తాను "బమ్మెర పోతరాజు" అని పద్యంలో చెప్పుకున్నాడు. ఆ బమ్మెర మా పాలకుర్తి మండలంలనే ఉంది. భోగినీ దండకం పోతనదే అనుకుంటే, అది రాచకొండ సింగభూపాలుడి కోసం రాసింది. ఆ రాచకొండ కూడా మా దిక్కే.

ఇంకోటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. చంద్రగ్రహణం నాడు గంగకు పోయి స్నానం చేసి ఇసుకతిన్నె మీద కూర్చుంటే రాముడు కనిపించాడని పోతన రాశాడు. అంతా కాశీ గంగ అనుకుంటరు. మా ఉత్తర తెలంగాణల గోదారిని ఇప్పటికీ గంగ అనే అంటరు. "గంగకు పోయొస్త" అంటే గోదావరి స్నానానికే. ఒంటిమిట్ట నుంచి ఏ గంగకు పోయినట్టు?

కడప జిల్లా వాసి:
గంగ మాట నేనెప్పుడూ ఆలోచించలేదు, అది గట్టిదే. ఇంటిపేరు దగ్గర మాత్రం ఆగండి. ఊరి పేరు ఇంటిపేరయ్యేది ఎక్కువగా ఆ ఊరు వదిలి పోయినవాళ్లకు. బమ్మెరలోనే ఉన్నవాణ్ణి బమ్మెర వాడని ఎవరు పిలుస్తారు? వాళ్ల పెద్దలది ఆ ఊరు అనడానికి అది సాక్ష్యం, ఆయన అక్కడే కూర్చుని రాశాడనడానికి కాదు.

పాలకుర్తి వాసి:
ఇంటిపేరు సంగతి ఒప్పుకుంటా. కానీ బయటికి పోయినోడు ఓరుగల్లుకు పోవచ్చు కదా, కడప దాకా ఎందుకు? ఇంకొకటి. 2014లో రాష్ట్రం విడిపోయి భద్రాచలం ఇటు వచ్చినంక ఆంధ్ర సర్కారు నవమి ఉత్సవాలకు ఒంటిమిట్టను ఎంచుకుంది. అప్పటి నుంచి ఈ వాదన రెండు రాష్ట్రాల పంచాయితీలెక్క అయింది. నాకు నచ్చనిది అదే.

కడప జిల్లా వాసి:
నాకూ నచ్చదు. మా గుడికి పోతన పేరు ఆసరాగా అక్కర్లేదు. శిథిలమైన ఆ గుడి కోసం వావిలికొలను సుబ్బారావుగారు టెంకాయచిప్ప పట్టుకుని ఊరూరా భిక్షమెత్తారు. ఒంటిమిట్టను తలచుకుంటే నాకు ముందు ఆ చిప్పే కళ్లముందుకొస్తుంది. ఆ ఏకశిలానగరం ఓరుగల్లే అయి ఉండొచ్చు. అయినా మా ఊళ్లో భాగవత పద్యాలు చదవడం మాత్రం ఆపం.